గో-డైగో: దీవికి గెంటేసినా తిరిగొచ్చి రాజ్యం దక్కించుకున్న జపాన్ చక్రవర్తి.. మూడేళ్లకే అంతా ఎందుకు తలకిందులైంది?

చేతిలో సొంత సైన్యం లేదు. ఖజానాలో చెప్పుకోదగ్గ సొమ్ము లేదు. ఉన్నదల్లా చక్రవర్తి అన్న పేరు ఒక్కటే. ఆ పేరును పట్టుకునే దాదాపు 140 ఏళ్లుగా జపాన్‌ను ఏలుతున్న సైనిక ప్రభుత్వాన్ని కూల్చేశారు గో-డైగో. పట్టుబడ్డారు, సముద్రం మధ్యలోని దీవికి బందీగా వెళ్లారు, అక్కడి నుంచి తప్పించుకొచ్చి గెలిచారు. కానీ ఆ గెలుపు మూడేళ్లు కూడా నిలవలేదు. ఆయన్ని గెలిపించిన సేనానే ఆయన్ని రాజధాని నుంచి తరిమేశాడు. ఫలితంగా జపాన్‌లో ఒకేసారి ఇద్దరు చక్రవర్తులు, రెండు రాజసభలు! దాదాపు 56 ఏళ్ల పాటు ఇదే తంతు. ఇంతకీ ఎవరీ గో-డైగో? అసలేం జరిగింది?

పేరుకే చక్రవర్తి.. పెత్తనం మరొకరిది

గో-డైగో 1288లో పుట్టారు. అసలు పేరు తకహరు. తండ్రి చక్రవర్తి గో-ఉదా. అప్పటికి జపాన్‌లో అధికారం నడుస్తున్న తీరు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. క్యోటోలో చక్రవర్తి ఉంటారు. కానీ రాజసభ వ్యవహారాలు చూసేది ఆయన కాదు, గద్దె దిగి విశ్రాంతిలో ఉన్న మాజీ చక్రవర్తి. అంటే తండ్రో, తాతో. పోనీ దేశాన్ని ఆ మాజీ చక్రవర్తి ఏలుతున్నారా అంటే అదీ లేదు. కత్తి పట్టినవాళ్ల రాజధాని వేరే ఉంది. తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న కామకురా. అక్కడ షోగన్ ఉంటాడు. షోగన్ అంటే చక్రవర్తి నియమించే సర్వసేనాధిపతి. 1192లో మినమోతో యోరితోమో ఆ పదవి అందుకున్నప్పటి నుంచి సమురాయ్‌ల భూములు, తగాదాలు, శిక్షలు అన్నీ కామకురా చేతుల్లోకి వెళ్లిపోయాయి.

అక్కడితో అయిపోలేదు. 1219లో యోరితోమో వంశం అంతరించింది. ఆ తర్వాత షోగన్ కూడా ఉత్సవ విగ్రహమే అయ్యాడు. క్యోటో నుంచి ఉన్నత కుటుంబాల పిల్లల్నో, రాకుమారుల్నో తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. వెనకుండి చక్రం తిప్పింది మాత్రం హోజో వంశం. అంటే చక్రవర్తి వెనక మాజీ చక్రవర్తి, షోగన్ వెనక హోజోలు. ముందు కనిపించేది ఒకరు, నడిపించేది మరొకరు.

ఈ ఏర్పాటును ఎదిరించిన చక్రవర్తి అంతకుముందు ఒకరున్నారు. పేరు గో-తోబా. 1221లో కామకురా మీదకు యుద్ధానికి దిగారు. నెల తిరిగేలోపే ఓడిపోయారు. ఆయన్ని ఓకి దీవులకు పంపేశారు. 18 ఏళ్లు అక్కడే ఉండి 1239లో అక్కడే కన్నుమూశారు. చక్రవర్తులు కామకురా జోలికి వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. వందేళ్ల పాటు మళ్లీ ఎవరూ ఆ సాహసం చేయలేదు.

రెండు కుటుంబాలు.. ఒకటే సింహాసనం

పులి మీద పుట్రలా రాజకుటుంబం కూడా రెండుగా చీలిపోయింది. 1272లో గో-సగా మరణించాక ఆయన ఇద్దరు కొడుకుల వారసులు సింహాసనం మాదంటే మాదన్నారు. తీర్పు చెప్పాల్సింది ఎవరు? మళ్లీ కామకురానే. ఒకసారి వీళ్లు, ఒకసారి వాళ్లు అన్నట్టుగా వంతులు నడిచాయి. చక్రవర్తి ఎవరో తేల్చేది కూడా సైనిక ప్రభుత్వమే అయిపోయింది.

ఈ వంతుల్లో భాగంగానే 1318లో గో-డైగో గద్దెనెక్కారు. అప్పటికి వయసు 29. అప్పట్లో చాలామంది పసితనంలోనే చక్రవర్తులై, ఊహ తెలిసేసరికి దిగిపోయేవాళ్లు. ఈయన మాత్రం పరిపక్వత వచ్చాక, బాగా చదువుకున్నాక వచ్చారు. అయితే ఆయన్ని తెచ్చింది కొన్నాళ్ల కోసమే. అన్న కొడుకు పెద్దవాడయ్యేదాకా కుర్చీ కాయడమే ఆయన పని. ఆ తర్వాత దిగిపోవాలి. ఆయన కొడుకులకు సింహాసనం దక్కదు. ఇక్కడే అసలు మెలిక పడింది. తాత్కాలికంగా వచ్చిన ఈ చక్రవర్తికి దిగిపోయే ఉద్దేశమే లేదు.

1321లో తండ్రి గో-ఉదా పాలన వ్యవహారాల నుంచి తప్పుకున్నారు. దాంతో గో-డైగో స్వయంగా దర్బారు నడపడం మొదలుపెట్టారు. ఆయనకు ఆదర్శం నాలుగు వందల ఏళ్ల కిందటి డైగో చక్రవర్తి. చక్రవర్తులే నేరుగా పాలించిన మంచి రోజులుగా జనం ఆ కాలాన్ని చెప్పుకునేవారు. మామూలుగా చక్రవర్తులకు ఇలాంటి పేరు మరణం తర్వాతే పెడతారు. ఈయన మాత్రం బతికుండగానే తన పేరు తానే ఎంచుకున్నారు. గో-డైగో అంటే రెండో డైగో అని అర్థం. ఆ పేరులోనే ఆయన లక్ష్యం ఉంది.

మొదటి కుట్ర ఫెయిల్.. రెండోసారి ఇంటిదొంగే

1324లో కామకురాపై తిరుగుబాటుకు జరుగుతున్న ప్రయత్నాలు బయటపడ్డాయి. క్యోటోలో దీనికి సిద్ధమైన సమురాయ్‌లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చక్రవర్తికి దగ్గరివాడైన హినో సుకెతోమోను సాదో దీవికి పంపేశారు. తనకేమీ తెలియదని గో-డైగో కామకురాకు సమాధానం పంపుకున్నారు. అప్పటికి గండం గడిచింది.

ఆయన ఊరుకోలేదు. గుళ్లు, మఠాల మద్దతు కూడగట్టారు. కొడుకు మోరియోషిని బలమైన హియే కొండ మఠానికి అధిపతిగా పెట్టారు. అక్కడ సన్యాసులంటే జపమాలలు తిప్పేవాళ్లు మాత్రమే కాదు, కత్తులు తిప్పేవాళ్లు కూడా. గో-డైగో స్వయంగా తాంత్రిక బౌద్ధ పూజలు చేసేవారు. చేతుల్లో వజ్రం, గంట పట్టుకుని కూర్చున్న ఆయన చిత్రపటం ఈనాటికీ ఉంది. చక్రవర్తిని ఆ రూపంలో చూపే బొమ్మలు చాలా అరుదు.

1331లో మళ్లీ గుట్టు రట్టయింది. ఈసారి కామకురాకు ఉప్పందించింది ఆయన సలహాదారు యోషిదా సదఫుసానే. సైన్యం వస్తోందని తెలియగానే గో-డైగో రాత్రికి రాత్రే రాజభవనం వదిలేశారు. పోతూ పోతూ రాజచిహ్నాలు వెంట తీసుకెళ్లారు. అద్దం, కత్తి, మణి.. ఈ మూడూ ఎవరి దగ్గరుంటే వాళ్లే అసలు చక్రవర్తి అని అక్కడి నమ్మకం. శత్రువును దారి తప్పించేందుకు ఒక రాజోద్యోగికి చక్రవర్తి వేషం వేసి హియే కొండకు పంపారు. ఆయన మాత్రం కసగి కొండ చేరారు. సుమారు నెల రోజులకు కసగి కూడా పడిపోయింది. కొండల్లో తిరుగుతూ దొరికిపోయారు. క్యోటోలో ఎదుటి వర్గానికి చెందిన కోగోన్‌ను అప్పటికే గద్దెనెక్కించేశారు.

1332లో గో-డైగోను ఓకి దీవులకు పంపించారు. సరిగ్గా గో-తోబా చనిపోయిన చోటుకే! సుకెతోమోకు సాదోలో మరణశిక్ష అమలైంది. కామకురా దృష్టిలో కథ ముగిసిపోయింది.

ఒక్క కోట పడకపోవడమే మలుపు

కానీ ముగియలేదు. దానికి కారణం కుసునోకి మసషిగే. పెద్ద వంశం కాదు, పెద్ద సైన్యమూ లేదు. కావాచి ప్రాంతపు చిన్నపాటి స్థానిక నాయకుడు. చక్రవర్తి పక్షాన నిలబడి కొండల్లోని చిహయా కోట నుంచి కామకురా సేనలకు చుక్కలు చూపించారు. మీద నుంచి బండలు, దుంగలు దొర్లించడం, గడ్డి బొమ్మలకు కవచాలు తొడిగి శత్రువును మోసం చేయడం.. ఇలాంటి ఎత్తుగడలు తైహెయికి అనే యుద్ధగాథలో కథలు కథలుగా ఉన్నాయి. మరోపక్క రాకుమారుడు మోరియోషి యోషినో కొండల నుంచి పోరాటం నడిపారు.

ఇక్కడ కోట పడకపోవడం కంటే అది పడటం లేదన్న వార్త ఎక్కువ పనిచేసింది. అప్పటికే సమురాయ్‌లు కామకురా మీద గుర్రుగా ఉన్నారు. 1274లో, 1281లో మంగోలు దాడుల్ని ప్రాణాలకు తెగించి తిప్పికొట్టారు. బయటి శత్రువును తరిమితే కొత్త భూమి ఏమీ రాదు కదా.. పంచడానికి కామకురా దగ్గర ఏమీ మిగల్లేదు. ఖర్చులు, అప్పులు మాత్రం మిగిలాయి. హోజోలు మాత్రం పదవులన్నీ తమవాళ్లకే కట్టబెట్టుకుంటూ పోయారు. అలాంటి సమయంలో ఒక చిన్న కోట ముందు కామకురా పరువు పోయింది.

1333 వసంతంలో గో-డైగో దీవి నుంచి తప్పించుకున్నారు. పడవ అడుగున ఆయన్ని కూర్చోబెట్టి, పైన చేపల మూటలు పేర్చి, వెతకడానికి వచ్చినవాళ్ల కళ్లుగప్పారని తైహెయికి చెబుతుంది. హోకి తీరంలో నవా నగతోషి అనే స్థానిక ప్రముఖుడు ఆశ్రయమిచ్చాడు. సెంజో కొండ మీద నుంచి దేశం నలుమూలలకూ ఆజ్ఞలు వెళ్లాయి. హోజోలను కూల్చండి, బహుమానాలు అందుకోండి అన్నదే వాటి సారాంశం.

అల్లుడే అడ్డం తిరిగాడు

ఈ మంట ఆర్పమని కామకురా పంపిన సేనాని అషికగా తకౌజీ. మినమోతో రక్తం, పెద్ద వంశం. భార్య హోజోల ఆడపడుచు. బావమరిది సాక్షాత్తూ అప్పటి ప్రభుత్వ పెద్ద. తిరగబడకుండా పూచీగా భార్యను, చిన్న కొడుకును కామకురాలోనే ఉంచమన్నారు. అయినా తకౌజీ మార్గమధ్యంలో ప్లేటు ఫిరాయించాడు. చక్రవర్తి పక్షాన క్యోటో మీదే విరుచుకుపడి, కామకురా ప్రతినిధుల కార్యాలయం రొకుహరాను పడగొట్టాడు. పిల్లాడు కామకురా నుంచి ముందే తప్పించుకున్నాడు.

అది జరిగిన రెండు వారాలకే తూర్పున మరో సేనాని నిట్టా యోషిసదా కామకురాలోకి చొరబడ్డాడు. కొండ దారులు మూసుకుపోతే సముద్రంలోకి తన కత్తి సమర్పించాడని, అలలు వెనక్కి తగ్గి దారి ఇచ్చాయని కథ చెబుతారు. హోజో తకతోకి, ఆయన బంధువులు, అనుచరులు వందల సంఖ్యలో తోషోజి అనే గుడిలో ఆత్మహత్య చేసుకున్నారు. అంతటి కామకురా ప్రభుత్వం కొన్ని వారాల్లో చరిత్రలో కలిసిపోయింది.

అంతా నా చేతుల్లోనే.. అక్కడే తేడా కొట్టింది

క్యోటో తిరిగొచ్చిన గో-డైగో తాను అసలు గద్దె దిగనే లేదన్నట్టు వ్యవహరించారు. కోగోన్ పాలన చెల్లదన్నారు. 1334లో కెన్ము అనే కొత్త శకం ప్రకటించారు. చైనాలో హాన్ వంశాన్ని తిరిగి నిలబెట్టిన చక్రవర్తి వాడిన శకం పేరు అది. షోగన్ ప్రభుత్వం లేదు, తెర వెనక మాజీ చక్రవర్తి లేరు, దర్బారులో చక్రవర్తి తరఫున చక్రం తిప్పే కంపాకు పదవి కూడా తీసేశారు. ఇక ఏదైనా చక్రవర్తి నుంచే జరగాలి.

ఆలోచన పెద్దదే. కానీ ఆచరణ? అప్పటి జపాన్‌లో సమురాయ్‌కు ప్రాణం భూమి. ఆ భూమి తనదేనని చెప్పే కాగితం. ఇకపై ఎవరి భూమైనా చక్రవర్తి ఆజ్ఞాపత్రంతోనే ఖాయమవుతుందని గో-డైగో ప్రకటించారు. అంతే.. పల్లెల నుంచి పట్టా కోసం జనం క్యోటోకు పోటెత్తారు. ఒకే భూమికి ఇద్దరికి పత్రాలు వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. కొన్ని వారాల్లోనే ఆ నిబంధన సడలించాల్సి వచ్చింది. తగాదాలు తేల్చేందుకు కొత్త కార్యాలయం పెట్టినా పని కొలిక్కి రాలేదు. నకిలీ ఆజ్ఞాపత్రాలు పుట్టుకొచ్చాయి. క్యోటోలోని నిజో దగ్గర నది ఒడ్డున ఎవరో అజ్ఞాత వ్యక్తి రాసి పెట్టిన వెటకారపు పాట ఊరంతా పాకింది. అందులో దొంగతనాల గురించీ, దొంగ ఆజ్ఞల గురించీ, నిన్నటిదాకా అనామకులై రాత్రికి రాత్రి గొప్పోళ్లయిన వాళ్ల గురించీ ఎద్దేవా ఉంది.

ఇంతలో కొత్త రాజభవనం కట్టాలన్నారు. అందుకోసం భూముల ఆదాయంలో 20వ వంతు పన్ను వేశారు. కొత్త నాణేలు, కాగితపు డబ్బు కూడా తెస్తామన్నారు. ప్రాణాలకు తెగించి పోరాడిన సమురాయ్‌లకు మాత్రం అనుకున్నంత భూమి దక్కలేదు. కత్తి పట్టని దర్బారు పెద్దలకు, అంతఃపురానికి దగ్గరివాళ్లకు మంచి మంచి జాగీర్లు దక్కాయన్న కోపం పెరిగింది. గెలిపించింది మేము, భోగం వాళ్లదా అన్న ప్రశ్న మొదలైంది.

ఆ అసంతృప్తి అంతా తకౌజీ వైపు మళ్లింది. గో-డైగో ఆయనకు తక్కువేమీ చేయలేదు. పెద్ద హోదా, రాష్ట్రాలు ఇచ్చారు. తన అసలు పేరులోని అక్షరం కూడా ఇచ్చి తకౌజీ పేరు రాసే తీరే మార్చారు. అంతకు మించిన గౌరవం లేదు. కానీ తకౌజీకి కావాల్సిన షోగన్ పదవి మాత్రం ఇవ్వలేదు. ఇస్తే మళ్లీ కామకురా పుట్టినట్టే కదా అన్నది చక్రవర్తి భయం. తకౌజీని మొదటి నుంచీ అనుమానించిన రాకుమారుడు మోరియోషి కొన్నాళ్లు షోగన్‌గా ఉన్నారు. చివరకు తండ్రి దర్బారులోనే అరెస్టయ్యారు. ఆయన్ని తకౌజీ తమ్ముడు తదయోషి కాపలాలో కామకురాకు పంపేశారు. కన్నకొడుకును శత్రువు చేతికి అప్పగించిన ఈ నిర్ణయం గో-డైగో జీవితంలో మాయని మచ్చ.

తెగిన బంధం

1335లో హోజో వారసుడు తోకియుకి తిరుగుబాటు చేసి కామకురాను ఆక్రమించాడు. పారిపోతూ తదయోషి మనుషులు మోరియోషిని చంపేశారు. తిరుగుబాటు అణచడానికి షోగన్ పదవి ఇచ్చి పంపమని తకౌజీ అడిగాడు. చక్రవర్తి కాదన్నారు. తకౌజీ అనుమతి లేకుండానే సైన్యంతో బయల్దేరాడు. కామకురా తిరిగి గెలిచాడు. వెనక్కి రమ్మంటే రాలేదు. అక్కడే ఉండి తన మనుషులకు భూములు పంచడం మొదలెట్టాడు. చక్రవర్తి ఒక్కరే చేయాల్సిన పని అది. గో-డైగో అతన్ని ద్రోహిగా ప్రకటించి నిట్టా యోషిసదాను పంపారు.

1336 మొదట్లో తకౌజీ క్యోటోను పట్టుకున్నాడు, వెంటనే పోగొట్టుకుని పడమటి చివరి క్యూషూ దాకా పారిపోయాడు. ఇక పనైపోయిందనే అంతా అనుకున్నారు. ఆ సమయంలోనే కుసునోకి మసషిగే తకౌజీతో రాజీ చేసుకోవడం మంచిదని సూచించారని ఆ కాలపు ఒక చరిత్ర గ్రంథం చెబుతుంది. ఓడి పారిపోతున్నవాడి వెంటే సమురాయ్‌లు ఎందుకు వెళ్తున్నారో ఆయన గమనించారు. దర్బారు ఆ మాటను కొట్టిపారేసింది.

తకౌజీ మాత్రం పారిపోతూనే ఒక తెలివైన పని చేశాడు. పదవి పోయిన కోగోన్ నుంచి ఆజ్ఞాపత్రం సంపాదించాడు. దాంతో అతను ద్రోహి కాదు, ఇంకో చక్రవర్తి తరఫున పోరాడుతున్న సేనాని అయ్యాడు. కొన్ని నెలలకే పెద్ద సైన్యంతో తిరిగొచ్చాడు. క్యోటోను వదిలేసి కొండల్లోకి వెళ్దాం, శత్రువును లోపలికి రానిచ్చి తిండి అందకుండా చుట్టుముడదాం అని మసషిగే మళ్లీ చెప్పారు. చక్రవర్తి రాజధాని వదిలిపోతే పరువేం కావాలన్నారు దర్బారు పెద్దలు. గెలవలేమని తెలిసీ మసషిగే ఆజ్ఞ పాటించారు. ఇప్పటి కోబె నగరంలోని మినతోగవా దగ్గర రోజంతా పోరాడి, తమ్ముడితో కలిసి ప్రాణాలు తీసుకున్నారు.

నకిలీ రాజచిహ్నాలు.. అసలు చక్రవర్తి ఎవరు?

తకౌజీ క్యోటోలో కోగోన్ తమ్ముడు కోమ్యోను చక్రవర్తిని చేశాడు. హియే కొండ మీద చిక్కుకున్న గో-డైగో చివరకు దిగొచ్చి అద్దం, కత్తి, మణి అప్పగించారు. అంతా సద్దుమణిగిందనుకున్నారు. ఆ శీతాకాలంలోనే ఆయన కాపలా తప్పించుకుని దక్షిణాన యోషినో కొండలకు చేరారు. అక్కడికెళ్లాక బాంబు పేల్చారు. తాను ఇచ్చినవి నకిలీవట, అసలువి తన దగ్గరే ఉన్నాయట!

అలా ఉత్తరాన క్యోటోలో ఒక రాజసభ, దక్షిణాన యోషినోలో మరో రాజసభ ఏర్పడ్డాయి. 1338లో తకౌజీ కోరుకున్న షోగన్ పదవి దక్కించుకున్నాడు, ఉత్తర చక్రవర్తి చేతుల మీదుగా. అదే ఏడాది గో-డైగో తరఫున పోరాడుతున్న యువ సేనాని కితబతకే అకిఇయె, నిట్టా యోషిసదా ఇద్దరూ యుద్ధాల్లో చనిపోయారు.

1339లో గో-డైగో జబ్బుపడ్డారు. చనిపోవడానికి ముందు రోజు కొడుక్కి సింహాసనం అప్పగించారు. ఆ కొడుకే గో-మురకమి. సింహాసనం తన కొడుకులకు దక్కాలన్న కోరిక అలా నెరవేరింది, కాకపోతే కొండల మధ్య. చివరి క్షణాల్లో ఒక చేతిలో బౌద్ధ సూత్రం, ఒక చేతిలో కత్తి పట్టుకుని, క్యోటోనే తలచుకుంటూ పోయారని తైహెయికి చెబుతుంది. మామూలుగా చక్రవర్తుల సమాధులు దక్షిణం వైపు ఉంటాయి. యోషినోలోని ఆయన సమాధి మాత్రం ఉత్తరం వైపు, క్యోటో వైపు చూస్తుంటుంది.

శత్రువు కట్టించిన గుడి

మరణవార్త విన్న తకౌజీ సంబరాలు చేసుకోలేదు. జెన్ గురువు ముసో సోసెకి సలహా మీద, గో-డైగో ఆత్మశాంతి కోసం క్యోటోలో తెన్‌ర్యూజి గుడి కట్టించాడు. గో-డైగో తాత కమెయమా భవనం ఉన్న చోటే అది లేచింది. డబ్బు చాలకపోతే 1342లో చైనాకు వ్యాపార ఓడ పంపి ఆ లాభంతో పని పూర్తి చేయించారు. 1345లో ఘనంగా ప్రారంభమైంది. పగబట్టి పోయిన చక్రవర్తి ఆత్మ పట్టి పీడిస్తుందన్న భయం, ఒకప్పుడు తనకు పేరిచ్చినవాడన్న గౌరవం.. రెండూ అందులో ఉన్నాయి.

తకౌజీ కథలో ఇంకో విషయం దాగి ఉంది. అతను చక్రవర్తిని ఓడించాడు కానీ చక్రవర్తి లేకుండా ఒక్క అడుగూ వేయలేకపోయాడు. ఒకరిని దించితే మరొకరిని వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది. కత్తి ఎంత పదునుదైనా దానికి ముద్ర వేసే చెయ్యి కావాలి. గో-డైగోది సరిగ్గా దీనికి తిరగేసిన సమస్య. ముద్ర ఆయన దగ్గరుంది. కత్తి పట్టినవాళ్లకు ఏం కావాలో మాత్రం పట్టించుకోలేదు.

1392లో తకౌజీ మనవడు, మూడో షోగన్ యోషిమిత్సు రెండు రాజసభల్ని కలిపాడు. దక్షిణ చక్రవర్తి రాజచిహ్నాలు అప్పగించారు. వంతులవారీగా సింహాసనం ఇస్తామన్న మాట మాత్రం నిలబెట్టుకోలేదు. ఉత్తర వంశమే కొనసాగింది.

వివాదం అక్కడితోనూ ఆగలేదు. ఐదు వందల ఏళ్ల తర్వాత, 1911లో, పాఠ్యపుస్తకాల్లో ఎవర్ని అసలు చక్రవర్తిగా రాయాలన్న దానిపై జపాన్ పార్లమెంటు దాకా రచ్చ జరిగింది. చివరకు గో-డైగో దక్షిణ రాజసభే అసలైనదని తేల్చారు. విచిత్రం ఏంటంటే, ఆ నిర్ణయానికి ఆమోదముద్ర వేసిన మెయిజి చక్రవర్తి ఉత్తర వంశానికి చెందినవారు! టోక్యో రాజభవనం ఎదురుగా గుర్రం మీద కుసునోకి మసషిగే కంచు విగ్రహం ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆత్మాహుతి దళాలు ఆయన చిహ్నాన్నే వాడుకున్నాయి.

యోషినో ఇప్పుడు చెర్రీ పూలకు పేరుమోసిన చోటు. తెన్‌ర్యూజి ప్రపంచ వారసత్వ సంపద. వసంతంలో కొండంతా గులాబీ రంగు పులుముకున్నప్పుడు లక్షల మంది సెల్‌ఫోన్లతో అక్కడికి చేరతారు. ఆ చెట్ల నడుమ ఒక సమాధి మాత్రం ఈనాటికీ ఉత్తరం వైపే చూస్తోంది.